ఎనుకనుంచి రెండో మనిషి

మీరు చంద్రుడనుకున్నది
గోదావరిఖనిల ఓపెన్‌కాస్టు మట్టికుప్ప.
బొగ్గు కోసం తవ్వి పారబోసిన
భూమి లోపలి భూమి.
రెండు రాత్రుళ్ళకు అద్దెకిచ్చిండ్రు,
డీజిల్ ఖర్చు సినిమావాళ్ళదే.

చంద్రుని మీద గాలే లేదు, పొగెట్ల పారిందిరా అని
మా ఎనిమిదో తరగతి సైన్సు సారు నవ్వేటోడు.
పారింది సార్.
కుప్ప అడుగున పొడిబొగ్గు దానంతటదే అంటుకుంటది,
ఏండ్లకేండ్లు కుములుతది.
కంపెనీతోనే కాలేదు దాన్ని ఆర్పుడు.

ఆ లోహపు పక్షి కూతకు మీరు చెవులు మూసుకున్నరు.
అది రెండో షిఫ్టు సైరను,
టేపు మెల్లగ తిప్పిండ్రు, అంతే.
మా టాకీసుల మాత్రం
సగం మంది అలవాటు కొద్ది లేచి నిలబడ్డరు.

రాకెట్టు తలుపు ల్యాంపురూము తలుపే.
వెండిరంగు కింద, చూసేటోడు చూస్తే,
'బీడీలు నిషేధం'ల
'నిషేధం' ఇంకా కనబడ్తది.

సూట్లు మొగిలి కుట్టిండు,
సిమెంటు సంచులు ఉతికి, తిరగేసి.
ఆరింటికీ ఒకటే కొలత, ఆయన కొలత.
కాళ్ళు బొమ్మల పడవన్నరు,
బూట్ల ఖర్చు మిగిలింది.

పన్నెండేండ్లు సీడీల దుకాణం నడిపిన.
ఆ సినిమా డిస్కుల
'తెరవెనుక ముచ్చట్లు' అని ఒక మీట ఉండేది.
ఒత్తితే నల్లటి తెర.
చాన సేపు నల్లటి తెర.
అందుకే నేను చెప్తున్న.

గంటా పన్నెండు నిమిషాల కాడ ఆపుండ్రి.
ఆరుగురు వరుసపట్టి కుప్ప ఎక్కుతుంటరు.
ఎనుకనుంచి రెండో మనిషి.
గ్లౌజుకు, చెయ్యికి నడుమ వేలెడు సందు,
సందుల ఆకుపచ్చగ ఒక మెరుపు.

దాని మీద పేజీలకు పేజీలు రాసిండ్రు.
వేరే లోకపు సైగ అన్నరు,
డైరెక్టరు దాచిపెట్టిన గుర్తన్నరు.
ఒకాయన హైదరాబాదు నుంచి కారేసుకొని వచ్చి
కుప్ప ఎక్కడని అడిగిండు,
చాయ తాగి పోయిండు.
నేను చెప్పలేదు.

అది మా అమ్మ గాజు.

జాబితాల పేరు నాయనది, దుర్గం ఓదెలు.
ఏడు రూపాయలు, ఒక పూట తిండి.
ఆ రాత్రి షిఫ్టు దిగినోన్ని దిగినట్టే
మళ్ళ బాయిల దింపిండ్రు, ఎవడో రాలేదని.
సద్ది గిన్నె పట్టుకొని
అమ్మ గేటు కాడ నిలబడి ఉన్నది.
తలలు లెక్కపెట్టుకుంట వచ్చిన మేనేజరు
ఒకటి తక్కువైందని
ఆ సంచి ఆమె చేతుల పెట్టిండు.
టోపీ పెడితే ఎవలెవలో దేవునికే ఎరుక.

చీర లోపలికి దోపుకున్నది.
ఐదు గాజులు తీసి గిన్నెల వేసింది.
ఆరోది మణికట్టు దాటలేదు.

కూలి చిట్టీ మీద ఓదెలు పేరుకు ఎదురుంగ
వేలిముద్ర, చిన్నది.
నాయనకు సంతకం వచ్చు.

తర్వాత చుట్టాలొచ్చి, గా ఎనుకనుంచి రెండోడు నువ్వేనటగదా అంటే
"ఆ, నేనే" అనేటోడు నాయన,
మీసం మీద చెయ్యేసి.
అమ్మ కూర తిప్పుకుంట ఊకుండేది.

ఇప్పుడు కుప్ప లేదు.
కింద ఇంకా బొగ్గు తేలిందని
చంద్రుణ్ణి లారీలకెత్తి
ఎటో పోసిండ్రు.

మొన్న ఫోన్‌ల చూపిచ్చిన.
కండ్లద్దాలు సవరించుకొని
ఆ ఆకుపచ్చ చుక్క మీద వేలు పెట్టింది.
బొమ్మ ఆగిపోయింది.

చంద్రుని మీద ఎట్లుండెనే అమ్మా?

"చెప్పులు కరిగినయి బిడ్డా.
ఏడు రూపాయలల్ల నాలుగు
చెప్పులకే పోయినయి."